గ్యాస్‌నూనె డబ్బా మీద దరువు

దావీదు కాసేపు నోరు మూసుకుంటే బాగుండును. బండి తోలమంటే తోలాలి గానీ, వాగు దాటినప్పటి నుంచి ఒకటే ఊదరగొడుతున్నాడు, పాట మనిషిని లేపి నిలబెడుతుందనీ, దరువు చెవిన పడితే పోయే ప్రాణం కూడా ఆగి వింటుందనీ. ఎన్నిసార్లు విన్నాడు పెంటయ్య ఈ మాటలు, ఎంతమంది నోట విన్నాడు, చెప్పినవాళ్ళలో ఒక్కడికైనా వేళ్ళ సందున చర్మం చిట్లిందా, ఒక్కడైనా భుజం పడిపోయేదాకా డప్పు మోశాడా? పెంటయ్య బండిలో మోకాళ్ళ మీద కూర్చుని, ముందు బోర్లించుకున్న గ్యాస్‌నూనె డబ్బా మీద కొడుతున్నాడు. కుడిచేతిలో విరిగిన కొడవలి పిడి, ఎడమచేతిలో తుమ్మ పుల్ల. ఎదురుగా గొంగడి మీద అతని పెళ్ళాం రూతమ్మ పడుకుని ఉంది. పొద్దున పొయ్యిలోకని కట్టెల మోపు లాగితే అందులోంచి పాము చెయ్యి కరిచింది. ఏ పామో చూసినవాడు లేడు. మణికట్టు నుంచి మోచేతి దాకా వాచి నల్లబడింది, రెప్పలు బరువెక్కుతున్నాయి, మిర్యాలగూడ దవాఖాన ఇంకా కోసెడు దూరం ఉంది, వానలకు బాట బురదైంది, ఎడ్లు ముసలివి. ఆమెను నిద్రపోనివ్వొద్దని చెప్పి పంపించారు వాడంతా కలిసి. నిద్రపోతే విషం తలకెక్కుతుందట. నిద్ర రాకుండా ఉండాలంటే దరువు కొట్టాలట. కొడుతున్నాడు.

"బావా, జర గట్టిగ కొట్టు. అక్క రెప్పలు వాలుస్తున్నది."

"నువు ఎడ్లను గట్టిగ అదిలియ్యి. నా పని నేను సూసుకుంట."

"ఎడ్లకు సుత నీ దరువే హుషారు గదా. పాటకు గంత బలముంటది బావా."

"అంత బలముంటే నువు దిగి పండుకో. బండిని పాటే లాక్కపోతది."

రూతమ్మ పెదవి కొంచెం కదిలింది. నవ్వో నొప్పో తెలియలేదు. దావీదు ఆమె తమ్ముడు, మంచివాడే, అడిగిన వెంటనే బండి కట్టాడు, కానీ వాడికి భయమేస్తే మాటలు పుడతాయి, అవి ప్రార్థనలో ఒకరి దగ్గరా, సంతలో ఒకరి దగ్గరా, ఆదివారం గుళ్ళో ఒకరి దగ్గరా ఏరుకొచ్చిన మాటలు, అందరూ వాడి వాడి అంచులరిగిపోయిన మాటలు. పాముకు చెవులే లేవంటారు మరి, దాని విషానికి ఎక్కడినుంచి వచ్చాయి చెవులు? పెంటయ్యకు నవ్వాలనిపించింది, పళ్ళు కొరకాలనిపించింది, అయినా చేతులు ఆగలేదు. డబ్బా మోత డప్పు మోతలా ఉండదు, రేకు చప్పుడు చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టుంటుంది. డప్పయితే ముందు నాలుగు జొన్న ఆకులు అంటించి ఆ సెగకు తోలు కాచేవాడు, తోలు బిగిసి వేలితో మీటితే గంటలా పలికేదాకా కాచేవాడు. ఇప్పుడు వాడలో ఒక్క డప్పు లేదు. సగం బాప్తిస్మాలప్పుడు పోయాయి, మిగిలిన సగం రజాకార్లు ఊరి మీద పడి గుడిసెలు తగలబెట్టిన రోజు బుగ్గయ్యాయి. తన డప్పు సంగతి వేరు. తన డప్పు తోలు చినిగిపోయాక మిగిలిన చెక్క చట్రాన్ని ఈ రూతమ్మే కోళ్ళగంప కింద పెట్టింది, గంప నేల మీద ఆనకుండా ఉంటుందని. తండ్రి చేతి డప్పు అది. పదేళ్ళుగా కోళ్ళు దాని మీద రెట్టలేస్తున్నాయి, పదేళ్ళుగా ఇద్దరూ దాని పక్కనుంచే తిరుగుతున్నారు, ఒక్క మాట అనుకోలేదు.

తండ్రి ఏ నీతులూ చెప్పలేదు. సెగ పక్కన కూర్చోబెట్టి, చేతికి పుల్లలిచ్చి, దెబ్బ తప్పు పడితే మణికట్టు మీద ఒకటి వేసి "మళ్ళ" అనేవాడు. అంతే, మళ్ళ. మళ్ళ. పొద్దు వాలేదాకా మళ్ళ. సంగీతం గొప్పదని మొదట చెప్పింది బళ్ళో పంతులు. ఆయన రెండో తరగతి పిల్లలందరినీ కూర్చోబెట్టి, ఆటపాటల వల్ల మనసు ఎలా శుద్ధి అవుతుందో, గానం విని జంతువులు కూడా ఎలా మేత మరిచిపోతాయో పొద్దెక్కేదాకా చెప్పాడు, వసారా అవతల ఎండలో కూర్చుని పెంటయ్య నోరు తెరుచుకుని విన్నాడు, తన ఇంట్లో ఇంత గొప్ప వస్తువు గోడకు వేలాడుతుందా అని మురిసిపోయాడు. పాఠం అయిపోగానే పంతులు వసారాలోకి వచ్చి, "అరే, మీ అయ్యకు జెరమంట గదా. నువ్వే డప్పు తీస్కపోయి రేపు శిస్తు కట్టాలెనని సాటింపు ఎయ్యిపో. పటేలు కేకలేస్తున్నడు" అన్నాడు. వెళ్ళాడు. ఆ సాయంత్రం మళ్ళీ పంపించారు, మర్నాడూ పంపించారు, ఇక పలక పట్టుకుని బడికి పోయింది లేదు. మనసు శుద్ధి అయిందో లేదో పంతుల్నే అడగాలి.

"అక్కా, కండ్లు తెరువు. అక్కా! బావా, మన గుడి పాట ఒకటి ఎత్తుకో, ప్రభువు సూస్తడు."

సరే, గుడి పాట. పెంటయ్య దరువు మార్చాడు. గుడి పాటలకు దెబ్బ నిదానంగా పడుతుంది, బరువు మోసేవాడి అడుగులా, ఒకటి, దాని తర్వాత ఒకటి. దావీదు గొంతెత్తాడు, గొంతు బాగానే ఉంటుంది వాడిది, ఆదివారాలు ముందు నిలబడి పాడించేది వాడే. పాట సాగుతుంటే బండి ఊగుతుంటే రూతమ్మ రెప్పలు ఇంకా కిందికి జారాయి, తల్లి ఉయ్యాల ఊపినట్టు అయింది ఆమెకు, మెడ పక్కకు వాలింది. "ఓ రూతూ, లే! నిద్రబుచ్చుతున్నవురా దావీదూ, పాడకు! నీ నోరు పాడుగాను, పాడకు!" వాడు బిత్తరపోయి ఆపాడు. చూశావా, లేపి నిలబెడుతుందన్నావు కదా, జోకొడుతుంది కూడా, ఆ సంగతి ఎవడూ చెప్పడు, సగం మాటే చెబుతారు అందరూ.

బాట పక్క జొన్నచేలు మోకాలెత్తు పెరిగాయి, వేములపల్లి వైపు నుంచి మబ్బు ఇంకొకటి తరుముకొస్తోంది. డప్పు కొట్టే రోజుల్లో, కోదాడలో ఒక కోమటి పెళ్ళినాడు కూడా ఇలాగే మబ్బు పట్టింది. బెజవాడ నుంచి బ్యాండు మేళం తెప్పించారు, ఎర్ర కోట్లు, ఇత్తడి బాకాలు, ఊరేగింపులో ముందు వాళ్ళు, వెనక డప్పులు. వాన పడేసరికి బాకాల్లో నీళ్ళు చేరి అవి గురగురమన్నాయి, డప్పుల మీద గొంగళ్ళు కప్పి కాపాడుకుని ఊరేగింపు మొత్తం ఇంటికి చేర్చింది పెంటయ్య వాళ్ళు. బ్యాండు మేస్త్రి వచ్చి వెన్ను తట్టి, "ఏవయ్యా, భలే వాయించావయ్యా! సంగీతానికి కులం ఏవిటండీ, మనమంతా సరస్వతి బిడ్డలం కదూ!" అన్నాడు. అన్నాడు కదా, తర్వాత భోజనాల వేళ ఆయన పందిట్లోకి పోయాడు, పెంటయ్యకు గొడ్లసావిడి వెనక ఆకు వేశారు. పందిట్లోంచి మేస్త్రి చెయ్యి ఊపాడు కూడా, సరస్వతి బిడ్డ. పెంటయ్య చెయ్యి ఊపలేదు, అన్నం కలుపుతున్నాడు.

ఆ తర్వాత సూర్యాపేట. అప్పటికి డప్పు మానేసి చాలా ఏళ్ళు, వాడలో ముట్టడం లేదు, కానీ దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ళు కబురు పెడితే అక్కడ ఎవరిదో డప్పు అడిగి తీసుకుని ఊరేగింపులో కొట్టాడు, రూతమ్మకు చెప్పకుండా. నాయకుడు అరుగెక్కి, పాట తుపాకీ లాంటిదన్నాడు, జనాన్ని నిద్ర లేపేది కళాకారుడే అన్నాడు, కళాకారుడు అనిపించుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. పోలీసులొచ్చారు. పాడేవాళ్ళు నోళ్ళు మూసుకుని జనంలో కలిసిపోయారు. డప్పు కొట్టేవాడు ఎక్కడ కలవాలి, ఏం మూసుకోవాలి? అంతెత్తు డప్పు పొట్టకు కట్టుకుని సందులో ఇరుక్కుని దొరికిపోయాడు. తుపాకీ అయితే గడ్డివాములోనైనా దోపేవాడు. దెబ్బలు తిని ఇంటికొస్తే రూతమ్మ ఏడవలేదు, తిట్టలేదు, "ఏ చేత్తో కొట్టినవ్?" అని మాత్రం అడిగింది. కుడి మణికట్టు చూపించాడు. ఆముదం వేడి చేసి రాసింది, రాస్తున్నంతసేపూ ముఖం పక్కకు తిప్పుకునే ఉంది. అతని చేతులు చూస్తే ఆమె ముఖం అలాగే పక్కకు తిరుగుతుంది, బాప్తిస్మానికి ముందు నుంచీ, పిల్లవాడు పోయినప్పటి నుంచీ.

అది తలుచుకోకూడదు. ఇప్పుడు కాదు. చెయ్యి తడబడుతుంది.

రోడ్డు మీద మిలట్రీ కాపలా. పోలీసు యాక్షన్ అయి ఏడాది కావస్తున్నా వీళ్ళు కదలరు. సిపాయి ఒకడు బండి ఆపి, డబ్బాలో ఏముందో చూపించమన్నాడు. ఏముంటుంది, చప్పుడుంది. తిప్పి చూపించాడు. కర్రతో గొంగడి ఎత్తి చూసి, రూతమ్మ చెయ్యి చూసి, వాడే వెనక్కి తగ్గి "జావ్, జావ్" అన్నాడు. ఆ ఆగినంతసేపట్లో దరువు లేదు, ఆ కాసేపట్లోనే ఆమె కళ్ళు పూర్తిగా మూసుకుపోయాయి. మళ్ళీ కొట్టాడు, తెరవలేదు. గట్టిగా కొట్టాడు, రేకు సొట్టపోయింది, తెరవలేదు. దావీదు వెనక్కి తిరిగి చూసి ఏడుపు ఎత్తుకున్నాడు, ఏడుస్తూ కూడా అవే మాటలు, "కొట్టు బావా, పాటనే కాపాడాలె, కొట్టు."

ఆనాడూ ఇలాగే అన్నారు. పిల్లవాడికి అమ్మవారు పోసింది, గుమ్మానికి వేపరొట్ట కట్టారు, దరువు పడితే అమ్మ చల్లబడి దిగిపోతుందన్నారు, ఆడి పాడి సాగనంపాలన్నారు. కొట్టాడు. మధ్యాహ్నపు ఎండలో గుమ్మం ముందు నిలబడి కొట్టాడు, సెగకు కాచడానికి కూడా ఆగకుండా, ఎండకే తోలు బిగుస్తుంటే కొట్టాడు, ఇక చేతులు తనవి కాకుండా పోయాయి, ఎవరో నీళ్ళు తాగమన్నారు, ఎవరో ఏదో అన్నారు, ఎప్పుడో దరువు ఆగిపోయింది. ఆగిపోయిన కాసేపటికి లోపలినుంచి ఈదమ్మ అరుపు వినిపించింది. అప్పటికి రూతమ్మ ఇంకా ఈదమ్మే. ఎందుకు ఆగింది తన చెయ్యి? అలసట కావచ్చు. దాహం కావచ్చు. పదేళ్ళుగా పొలంలో, బండిలో, గుళ్ళో వెనక వరసలో కూర్చుని ఇదే వెతుక్కున్నాడు, చెయ్యి ఎందుకు ఆగింది, దొరకలేదు. ఆమె అడగలేదు. గుళ్ళో చేరదామంది, సరేనన్నాడు, పాస్టరు గారు అతనికి ఏసుపాదం అని పేరు పెట్టారు, డప్పు దించమన్నారు, అప్పటికే దించి ఉంది. పాస్టరు చెప్పినందుకు మానేశాడనుకుంటారు అందరూ. అనుకోనీ.

"ఈదీ," అన్నాడు. ఆ పేరుతో పిలవక ఎన్నేళ్ళయిందో. "ఓ ఈదీ."

ఇక గుడి దరువూ కాదు, అమ్మవారి దరువూ కాదు. చేతులు వాటంతటవే గట్టు జాతరకు పోయాయి. సూర్యాపేట అవతల గట్టు మీద, దుమ్ములో, గొర్రెల మందల్లో, ఎవరి ఊరి పిల్లో తెలియని పిల్ల అతని డప్పు ముందుకొచ్చి నిలబడి, చీర కుచ్చెళ్ళు దోపుకుని అడుగు వేసింది. నాలుగు దెబ్బలు వేశాడు, నాలుగు అడుగులు వేసింది. ఆటపట్టించాలని నడుమ ఒక దెబ్బ మింగేశాడు, ఆమె ఆ అడుగు గాల్లోనే ఆపి, తర్వాతి దెబ్బ మీద నేలకు దించింది. జోరు పెంచాడు, పెంచింది. చుట్టూ జనం ఈలలు వేస్తున్నారు, తన నెత్తురు చెవుల్లో మోగుతోంది, ఆ పూట మాత్రం భూమికి జానెడు ఎత్తున ఉన్నాడు పెంటయ్య, ఎవడూ ఏ మాటా చెప్పనక్కర్లేకుండానే ఉన్నాడు. చివరకు అతనే అలసి దెబ్బ తప్పాడు. ఆ పిల్ల నడుం మీద చెయ్యి పెట్టి, రొప్పుతూ, "ఇంతేనా? ఇంటికి పోయి మీ అమ్మను పంపియ్యి, కొడతది" అంది. అందరూ విరగబడి నవ్వారు. ఆ మర్నాడే ఆమె ఊరు కనుక్కోమని తండ్రిని పంపించాడు.

అదే దరువు. రేకు డబ్బా మీద, కొడవలి పిడితో, నడుమ నడుమ ఒక దెబ్బ మింగుతూ. గొంగడి అంచున రూతమ్మ పాదం ఉంది, బురద ఎండి చిట్లిన మడమ. దాన్నే చూస్తూ కొట్టాడు. మొదట ఏమీ లేదు. బండి కుదుపుకు కదిలిందేమో అనుకున్నాడు. తర్వాత దెబ్బ మింగినప్పుడు బొటనవేలు పైన ఆగింది. తర్వాతి దెబ్బకు దిగింది.

"దావీదూ, ఉరికియ్యిరా! తోక మెలిపెట్టు, ఉరికియ్యి!"

"సిగ్గులేదు," అంది రూతమ్మ, కళ్ళు తెరవకుండానే, మాటలు ముద్దముద్దగా. "ముసలిముండాకొడుకువు. ఊరందరు ఇనంగ... జాతర కొడుతున్నవు. పాస్టరు గారికి తెలిస్తే..."

"తెలువనియ్యి. తిట్టు. ఇంక తిట్టు."

"నీ... నీ నోట్లె మన్నువడ..."

"పడనియ్యి. ఇంక?"

అలా తిట్టించుకుంటూ మిర్యాలగూడ బజారులోకి వచ్చారు. దుకాణాల ముందు జనం లేచి చూశారు, చావు మేళమో పెళ్ళి మేళమో అర్థం కాక. ధోవతి కట్టిన పెద్దమనిషి ఒకాయన బండి వెంట నాలుగడుగులు నడిచి, సంగతి విని, "మంచి పని చేస్తున్నవు. సంగీతంల మృతసంజీవని ఉంటది నాయనా" అన్నాడు. ఈయనొకడు. దొరికిన చోటల్లా ఒకడు దొరుకుతాడు. "జర తొవ్వ ఇడువుండ్రి బాంచెన్, ఎడ్లు తొక్కుతయి" అన్నాడు పెంటయ్య పళ్ళ సందునుంచి.

దవాఖానలో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి రూతమ్మను లోపలికి మోసుకుపోయారు. తలుపు మూశారు. డాక్టరు ఉన్నాడట, సూది మందు కూడా ఉందట, అది దావీదు లోపలికీ బయటికీ తిరిగి తెచ్చిన కబురు. పెంటయ్య వసారా మెట్టు మీద కూర్చున్నాడు, డబ్బా ముందు పెట్టుకుని. ఆపమని ఎవరూ చెప్పలేదు. గోడకు పైన చిన్న కిటికీ ఉంది, దాని ఊచల్లోంచి మందు వాసన వస్తోంది, వాసన వస్తుందంటే చప్పుడు లోపలికి పోతుంది కదా. కొడుతూనే ఉన్నాడు. అరచెయ్యి చిట్లి కొడవలి పిడి జారుతోంది, అంగీ కొసతో తుడుచుకుని పట్టుకున్నాడు. దావీదు మెల్లగా పక్కన చేరాడు.

"సూది ఏసిండ్రు బావా. పొద్దుగూకేదాక ఏ సంగతి చెప్పలేమంటున్నడు డాక్టరు. ఇగ నువు జర ఆగు. నీ పాటనే గదా అక్కను ఈడిదాంక..."

"నోర్ముయ్. ఈడిదాంక తెచ్చింది ఎడ్లు. ఇగ బతికిస్తే సూది బతికిస్తది."

"మరెందుకు కొడుతున్నవు?"

వీడికి జీవితంలో మొదటిసారి ఒక మంచి ప్రశ్న దొరికింది, దొరికేందుకు ఇదా సమయం? పెంటయ్య వాడి వైపు గుడ్లురిమి చూసి ఇంకా గట్టిగా కొట్టాడు. లోపల ఎవరో విసుక్కున్నారు. తలుపు తెరుచుకుని కాంపౌండరు బయటికి వచ్చాడు, చేతిలో దూది, నుదుటి మీద చెమట.

"ఏయ్, ఎవడివిరా నువ్వు? ఇది దవాఖాననా, జాతరనా? లోపల రోగులున్నరు. బంద్ చెయ్యి! బంద్!"

చేతులు ఆగిపోయాయి. పైకి లేచిన పుల్ల పైనే ఉండిపోయింది. ఆగిన చప్పుడు తర్వాత వచ్చే ఆ నిశ్శబ్దం పెంటయ్యకు తెలుసు, దాని తర్వాత ఏం వినిపిస్తుందో అతని ఒళ్ళంతటికీ తెలుసు. కిటికీ వైపు చూశాడు. లోపల గిన్నె చప్పుడు. ఎవరిదో దగ్గు.

"ఎందుకాపినవ్?"

రూతమ్మ గొంతే. నాలుక ఇంకా మందంగానే ఉంది. "పడుకో అమ్మా, లేవొద్దు" అని ఎవరో అంటున్నారు, ఆమె వినిపించుకోవడం లేదు.

"ఇంటున్నవా? ఆనాడు పిలగాని కాడ ఆపమన్నది నేను. నేనే అంటి. ఆడు నిదురపోతున్నడు, ఆపు అంటి... నిదుర అనుకుంటి. నేనే." గొంతు ఆగింది, మళ్ళీ ఎగిసింది. "ఇయ్యాల నేను ఆపమన్ననా? ఎవడు ఆపమన్నడు నిన్ను?"

పదేళ్ళు. పదేళ్ళు ఈ మాటను ఎక్కడ దాచింది ఇది, ఏ కొంగున ముడేసుకుంది? తన చేతుల్ని తాను ఎన్ని తిట్లు తిట్టుకున్నాడు, నాగలి పట్టినా బువ్వ కలిపినా ఈ చేతులే కదా అని ఎంత కుమిలాడు, పక్కన పడుకున్నది పక్కనే పడుకుని, ముఖం తిప్పుకుని, తన మాటను తాను నమిలి మింగుతూ ఉందా ఇన్నాళ్ళూ? ఒక్క మాట. ఒక్క పూట చెబితే ఇద్దరూ కూర్చుని ఏడ్చి ఊరుకునేవాళ్ళు కదా. లోపలికి పోయి దీని రెండు భుజాలూ పట్టుకుని కుదపాలి, నీ అసాధ్యం కూలా అని అరవాలి, అసలు మనిషివేనా అని అడగాలి. పామే కరవాలా, దీని నోరు తెరిపించడానికి? లేవబోయాడు. లేస్తే దరువు ఎవడు కొట్టాలి?

"ఆయన మా ఆయన, సారూ," అంటోంది లోపల, ఎవరితోనో. "కొట్టనియ్యుండ్రి."

"ఒర్లకు," అన్నాడు పెంటయ్య కిటికీ వైపు తిరిగి. "పండుకో, ఒర్లకు. కొడుతున్న."

కాంపౌండరు దూది పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. పెంటయ్యకు వాడు సరిగ్గా కనిపించలేదు, మెట్టూ డబ్బా కూడా కనిపించలేదు, అన్నీ నీళ్ళలో ఉన్నట్టున్నాయి. చేతులకు కళ్ళతో పని లేదు కనుక సరిపోయింది.